పక్కింటివారు నొచ్చుకుంటారని కొలత మానుకోవచ్చా?

ప్రశ్న: మాది కడప. ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. మా అమ్మ పుట్టిన ఊరు ఎర్రగుంట్ల వైపు ఒక పల్లె. ఇకముందు అక్కడే ఉంటానని ఆమె పట్టుబడుతున్నారు. అమ్మకు వరుసకు తమ్ముడయ్యే మామ తన పాత మిద్దె ఇల్లు, వెనక గడ్డివామి వేసుకునే వామిదొడ్డి కలిపి అమ్ముతానన్నారు. మొత్తం 5 సెంట్లు అంటున్నారు. 1974 నాటి దస్తావేజు నకలు ఇచ్చారు. అందులో ‘తూర్పు పడమర 30 అడుగులు, ఉత్తర దక్షిణం 40 అడుగులు’ అని, నాలుగు హద్దులు ఉన్నాయి. సర్వే చేయిద్దామంటే, ‘గ్రామకంఠానికి సర్వే ఏమిటమ్మా, హద్దులు రాసుకుంటే చాలు, టేపు పట్టుకుని దిగితే పక్కింటివాళ్లు నొచ్చుకుంటారు’ అన్నారు. పది రోజుల్లో అడ్వాన్సు ఇవ్వాలి. మామ మీద అనుమానపడినట్టు ఉంటుందేమోనని జంకుతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కడప

సమాధానం:

అమ్మా, కొలిపించండి. అడ్వాన్సు ఇవ్వకముందే, ఇరుగుపొరుగు వాళ్లు నిలబడి చూస్తుండగా కొలిపించండి. పది రోజులు చాలకపోతే మరో పదిహేను రోజులు గడువు అడగండి. డబ్బు చేతులు మారాక కొలిస్తే తేడా బయటపడినా దాన్ని సరిచేసుకునే బలం మీకు ఉండదు.

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కర్నూలు, అనంతపురం, కడప మూడు జిల్లాల్లోనూ తిరిగాను. పొలం తగాదాల కన్నా ఊరి లోపలి ఇంటి తగాదాలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. పొలంలో గట్టు దగ్గర గొడవపడినవాళ్లు సాయంత్రానికి ఎవరింటికి వాళ్లు వెళ్తారు. ఇంటి గోడ దగ్గర గొడవపడినవాళ్లు తెల్లారితే మళ్లీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. మీ అమ్మగారు ప్రశాంతంగా ఉండాలని కొంటున్న ఇల్లు కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ మామ చెప్పిన మాటలో సగం నిజముంది. పొలాలకు ఉన్నట్టు ఊళ్లోని ఇళ్లకు విడివిడిగా సర్వే నంబర్లు పాత రికార్డుల్లో ఉండవు. 1800లో నిజాం ఈ దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కాలం నుంచి ఇక్కడ భూమిని కొలిచింది శిస్తు కోసం. చేను కొలిస్తే శిస్తు కట్టవచ్చు. జనం కాపురముండే చోటును కొలిచి ఖజానాకు వచ్చేది లేదు. అందుకని ఊరినంతా కలిపి ఒక నంబరు కింద ఉంచి, గ్రామకంఠం అని రాసి, లోపల ఎవరిది ఎంతో తేల్చకుండా వదిలేశారు. ఆ ఇళ్లకు పొలాలకు ఉండే అడంగల్, 1బి రికార్డులు గాని, పట్టాదారు పాసుపుస్తకం గాని లేకపోవడానికి కారణం ఇదే. అవి లేవని మీరు కంగారు పడనక్కరలేదు.

అయితే ఊరి లోపల గీతలు లేకపోయినా ఊరి చుట్టూ గీత ఉంది. గ్రామకంఠం నంబరుకు, దాన్ని ఆనుకుని ఉన్న నంబర్లకు ఎఫ్‌ఎంబీ పటాలు, అంటే ఒక్కో సర్వే నంబరు కొలతలు చూపే పటాలు, ఉంటాయి. గ్రామకంఠం ఎక్కడ ఆగిపోతుందో, పక్క నంబరు ఎక్కడ మొదలవుతుందో సర్వేయరు వాటిని బట్టి నేల మీద చూపించగలరు. మీకు ఇది ఎందుకు కావాలో చూడండి.

మీ దస్తావేజు ప్రకారం 30 అడుగులు, 40 అడుగులు. అంటే 1,200 చదరపు అడుగులు. ఒక సెంటుకు 435.6 చదరపు అడుగులు కాబట్టి ఇది 2.75 సెంట్లు. మీకు చెబుతున్న 5 సెంట్లంటే 2,178 చదరపు అడుగులు. మధ్యలో 978 చదరపు అడుగుల తేడా ఉంది. ఆ తేడాయే వెనకనున్న వామిదొడ్డి అయి ఉండాలి. దానికి వేరే దస్తావేజు ఉంటే మీ మామను చూపించమనండి. లేకపోతే మీరు కొంటున్నదాంట్లో దాదాపు సగానికి కాగితం లేనట్టే.

మీ మామ మోసం చేస్తున్నారని నేను అనుకోవడం లేదు. ఆయన తండ్రి అక్కడే వామి వేశారు, ఎద్దులను కట్టేశారు, చుట్టూ కడప బండలు నాటుకున్నారు. ఆయన పుట్టినప్పటి నుంచి అది తమదే. మన పల్లెల్లో చాలా దొడ్లు ఇలాగే ఇంటికి అతుక్కున్నాయి. ఇంటి వెనక ఖాళీగా ఉన్నచోట ఎవరో దిబ్బ వేస్తారు, కొన్నాళ్లకు కంప కొడతారు, మరో తరానికి బండలు నిలబడతాయి. ఆ నేల గ్రామకంఠంలోనే ఉందా, పక్క రైతు పట్టాలోకి వెళ్లిందా, రస్తాలోకో వంక (వాగు) పోరంబోకులోకో జరిగిందా అని ఆ ఇంట్లోవాళ్లకే తెలియదు. అది చెప్పగలిగేది సర్వే ఒక్కటే.

వంక మాట వచ్చింది కాబట్టి కాస్త ఆగుతాను. మన సీమలో వంకలు ఏళ్ల తరబడి ఎండిపోయి ఉంటాయి. అందులో పిల్లలు ఆడుకుంటారు, బండ్లు తిరుగుతాయి, చివరికి కొట్టాలు లేస్తాయి. అది వంక అన్న సంగతి జనం మరిచిపోయినా నీళ్లు దారి మరిచిపోవు. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలకు కాలనీలు మునిగాయి. పల్లెలో ఇల్లు చూసేటప్పుడు గ్రామ పటం తెప్పించుకుని, ఆ దొడ్డి పక్కగా వంక గుర్తు ఏమైనా ఉందేమో మీ కళ్లతో చూడండి. పటం మీద గుర్తు ఉండి, నేల మీద దొడ్డి ఉంటే ఆ భాగానికి ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. అది ప్రభుత్వ భూమిగా నమోదై ఉంటే రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఉంటుంది, రిజిస్ట్రేషన్ జరగదు. అప్పుడు ‘ఇల్లు రిజిస్టర్ చేసుకుందాం, దొడ్డి స్టాంపు కాగితం మీద రాసుకుందాం’ అనే ఆలోచన ఎవరో ఒకరు చెబుతారు. ఒప్పుకోవద్దు. స్థిరాస్తి స్టాంపు కాగితం మీద సంతకాలతో మీ సొంతం కాదు.

‘యాభై ఏళ్ల అనుభవం ఉంది కదా’ అన్న మాట కూడా వినబడుతుంది. అనుభవానికి చట్టంలో విలువ ఉంది. ఇతరుల ఆక్రమణలో ఉన్న భూమిని తిరిగి తీసుకోవడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రైవేటు వ్యక్తికి 12 ఏళ్లు, ప్రభుత్వానికి 30 ఏళ్లు గడువు పెట్టింది. కాని ఆ అనుభవాన్ని కోర్టులో రుజువు చేయాల్సిన భారం దాన్ని చెప్పుకునేవారి మీదే ఉంటుంది. కొన్న తర్వాత ఆ చెప్పుకునేవారు మీరే అవుతారు. బడి వదిలి కోర్టు మెట్లు ఎక్కే పని మీకెందుకమ్మా?

ఇక గోడ సంగతి. మిద్దె ఇల్లు అన్నారు కాబట్టి ఇది తప్పకుండా చూడాలి. పాత మిద్దెలకు పక్కపక్క ఇళ్ల మధ్య చాలాచోట్ల ఒకటే గోడ ఉంటుంది. రాయి, మట్టి కలిపి కట్టిన రెండున్నర అడుగుల మందం గోడ. అటువైపు ఇంటి దూలాలు అటునుంచి, ఇటువైపు ఇంటి దూలాలు ఇటునుంచి దాని మీదే ఆని ఉంటాయి. 40 అడుగుల పొడవున రెండున్నర అడుగుల గోడ అంటే 100 చదరపు అడుగుల నేల. అందులో ఎవరి సగం ఎక్కడ? దస్తావేజులో రాసిన 30 అడుగులు గోడ లోపలి నుంచి లోపలికా, బయటి నుంచి బయటికా, గోడ నడిమి నుంచా? 1974లో రాసినవారికి తెలుసు. కాగితం మీద మాత్రం ఉండదు.

అనంతపురం జిల్లాలో పనిచేసే రోజుల్లో ఒక ఊరికి తగాదా కొలవడానికి వెళ్లాను. పాత మిద్దె కొన్నవారు స్లాబు ఇల్లు కట్టాలని దాన్ని పడగొట్టించారు. ఉమ్మడి గోడ తమదేననుకుని దాన్నీ సగం దించారు. నేను వెళ్లేసరికి పక్కింటి దంతెల కొసలు గోడ ఆసరా లేక గాలిలో తేలుతున్నాయి. కింద నాలుగు వేప మొద్దులు పోటు పెట్టారు. పైకప్పు మట్టి సన్నగా రాలుతోంది. ఆ రాలే మట్టి కింద ఒక ముసలాయన మంచం మీద పడుకుని ఉన్నారు. ఆయనను లేపి బయటికి తీసుకొచ్చాక గాని నేను టేపు విప్పలేదు. రెండు కుటుంబాలూ మంచివాళ్లే. కొనేముందు ఆ గోడ ఎవరిదని ఎవరూ అడగలేదు, అంతే. ఆ స్లాబు ఇల్లు లేవడానికి ఎన్నో ఏళ్లు పట్టింది.

అందుకే మీరు కొలిపించే రోజు ముందుగా గోడలు చూడండి. ఇంట్లోకి వెళ్లి దూలాలు ఎటు నుంచి ఎటు పడ్డాయో, కొసలు ఏ గోడలో దిగాయో తలెత్తి చూడండి. తర్వాత మిద్దె ఎక్కి వాననీళ్లు దిగే గొట్టాలు ఎటు ఉన్నాయో చూడండి. పక్కింటి నీళ్లు మీ దొడ్డిలోకో, మీ నీళ్లు వాళ్ల దొడ్డిలోకో దిగుతూ ఉండవచ్చు. 20 ఏళ్లు అడ్డు లేకుండా అలా సాగితే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం అది హక్కుగా నిలబడే అవకాశం ఉంది. రేపు మీరు గొట్టం మూసేస్తే తప్పు మీ మీదికే వస్తుంది. పక్కింటి వాళ్లు మీ దొడ్డిలో నుంచి బావికో రస్తాకో నడిచే దారి ఉందేమో కూడా అడగండి.

వీధి వైపు అరుగును నమ్మకండి. అమ్మేవారు కొలత మొదలుపెట్టేది అరుగు కొస నుంచి, కొన్నిసార్లు మెట్ల కింది నుంచి. అరుగు చాలా ఊళ్లలో పంచాయతీ రస్తా మీదే ఉంటుంది. రేపు సిమెంటు రోడ్డు, కాలువ వేసేటప్పుడు అది పోతే మీ 40 అడుగులు 36 అవుతాయి.

ఈ పని ఎవరితో చేయించాలంటే, రెండు రకాలుగా చేయించాలి. వామిదొడ్డి బయటి గీత తేల్చడానికి మీ మామ చేత గ్రామ సచివాలయంలో గాని మీసేవలో గాని సర్వేకు దరఖాస్తు పెట్టించండి. ఎఫ్‌ లైన్ దరఖాస్తు అంటే వాళ్లకు అర్థమవుతుంది. భూమి ఇంకా ఆయనదే కాబట్టి సంతకం ఆయనదే ఉండాలి, రుసుము మీరు కట్టండి. సర్వేయరు చుట్టుపక్కల వారికి ముందుగా నోటీసు ఇచ్చి, ఆ రోజు వాళ్ల ఎదురుగా కొలుస్తారు. నోటీసు లేకుండా ‘ఊరికే వచ్చి చూసి చెబుతాను’ అన్న కొలత మీకు ఎందుకూ పనికిరాదు. ఇంటి లోపలి కొలతలకు, పటానికి లైసెన్స్ ఉన్న ప్రైవేటు సర్వేయరును పెట్టుకోండి.

పాత ఎఫ్‌ఎంబీలో కొలతలు అడుగుల్లో ఉండవు, లింకుల్లో ఉంటాయి. గొలుసు అంటే 66 అడుగులు, దానికి 100 లింకులు. కాబట్టి లింకుల అంకెను 0.66తో గుణిస్తే అడుగులు వస్తాయి. 1,000 చదరపు లింకులు ఒక సెంటు. ఈ లెక్క తెలిసి ఉంటే సర్వేయరు పక్కన నిలబడి మీరే సరిచూసుకోవచ్చు.

ఇంకొకటి, నాలుగు వైపులా కొలిచి గుణించి సరిపోయిందని వదిలేయకండి. మూల నుంచి మూలకు కూడా కొలిపించండి. 30, 40 అడుగుల స్థలం మూలలు నిజంగా మూలమట్టానికి సరిపోతే ఆ మూల కొలత 50 అడుగులు రావాలి. అది 40 అడుగులే వచ్చిందనుకోండి, స్థలం పక్కకు వాలినట్టు. ఎదురెదురు వైపులు 30, 40 అడుగులుగానే ఉన్నా విస్తీర్ణం 1,112 చదరపు అడుగులకు పడిపోతుంది. దాదాపు 10 చదరపు గజాలు కళ్ల ముందే మాయమవుతాయి. పల్లె ఇళ్ల స్థలాల మూలలు మూలమట్టానికి సరిపోవడం అరుదు.

ఇప్పుడు మీ అసలు భయానికి వద్దాం. పక్కింటివాళ్లు నొచ్చుకుంటారన్నారు. అమ్మా, గ్రామకంఠంలో మీకు హద్దు రాళ్లు ఉండవు. పక్కింటి మనిషి వచ్చి గోడ మీద చేయి వేసి ‘ఇక్కడిదాకా వాళ్లది, ఇక్కడి నుంచి మాది’ అన్న మాటే మీకు హద్దు రాయి. ఆ మాట కొనకముందు చెప్పించుకోవాలి. కొలత పేరు ఎత్తగానే పక్కింటాయన గొంతు పెంచారంటే అక్కడ మీకు తెలియని పాత తగువు ఉందన్నమాట. అది మీ డబ్బు మీ దగ్గర ఉండగానే తెలియడం మంచిది. తగువు లేనివారు చాలాసార్లు సంతోషంగా వస్తారు, వాళ్ల హద్దు కూడా తేలుతుంది కాబట్టి. నా ఉద్యోగంలో నోటీసు ఇచ్చి, పేరు పెట్టి పిలిచి, ‘పెద్దయ్యా, మీరు చూపించండి’ అని అడిగితే టేపు రెండో కొస పట్టుకోవడానికి వాళ్లే ముందుకొచ్చారు. చెప్పకుండా కొలిచినచోటే కోపాలు చూశాను.

కొలత అయ్యాక పటం గీయించి నాలుగు వైపులవారి సంతకాలు తీసుకోండి. ఉమ్మడి గోడ గురించి, నీళ్ల గొట్టం గురించి, నడిచే దారి గురించి అదే కాగితంలో రాయించండి. రిజిస్ట్రేషన్ దస్తావేజుకు ఆ పటం జతచేయించండి. విస్తీర్ణం ఒకటీ హద్దులు ఇంకొకటీ చెబితే కోర్టులు సాధారణంగా హద్దులకే విలువ ఇస్తాయి. అందుకని 1974 నాటి హద్దులను ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాయనివ్వకండి. ఆ పేర్లవారు ఇప్పుడు ఉండకపోవచ్చు, వాళ్ల ఇళ్లు చేతులు మారి ఉండవచ్చు. పాత పేరు, దాని పక్కనే ఇప్పటి యజమాని పేరు రెండూ రాయించండి.

సచివాలయానికి వెళ్లినప్పుడు ఆ ఊళ్లో రీసర్వే జరిగిందా అని అడగండి. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన ఆ పని పూర్తయిన ఊళ్లలో పొలాలకు పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీ (ల్యాండ్ పార్సిల్) నంబర్లు వచ్చాయి. దొడ్డి పక్కనున్న పట్టా భూమి నంబరు మారి ఉండవచ్చు. గ్రామకంఠాల ఇళ్లకు కేంద్రం 2020లోనే స్వామిత్వ పథకం తెచ్చింది. డ్రోనుతో ఫొటోలు తీసి, ఇంటి యజమానికి ఆస్తి కార్డు ఇవ్వడం దాని ఉద్దేశం. మీ మామకు కార్డు వచ్చి ఉంటే అందులోని విస్తీర్ణం 1,200కు దగ్గరగా ఉందో, 2,178కి దగ్గరగా ఉందో చూడండి. కార్డు ఉన్నా కొలత మానకండి. డ్రోను పైనుంచి మిద్దె కప్పును చూస్తుంది, ఉమ్మడి గోడలో ఎవరి సగం ఎంతో దానికి కనబడదు.

సర్వే హద్దు ఎక్కడుందో చెబుతుంది, హక్కు ఎవరిదో చెప్పదు. దానికి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఊరి ఇళ్లకు డోరు నంబర్లు మారుతుంటాయి కాబట్టి పాత నంబరు, కొత్త నంబరు, మీ మామ పేరు, ఆయన తండ్రి పేరు అన్నింటితోనూ వెతికించండి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకున్న భాగాలు కనబడవు. 1974 దస్తావేజు ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. అది మీ మామ తండ్రి పేరున ఉంటే మీ మామకు అక్కచెల్లెళ్లు ఉన్నారా అన్నది మొదటి ప్రశ్న. తండ్రి ఆస్తిలో వాళ్లకూ వాటా ఉంటుంది. పెళ్లిళ్లయి వెళ్లిపోయారని వదిలేయకుండా వాళ్ల సంతకాలూ తీసుకోండి. ఇంటి పన్ను రసీదులు తీసుకోండి గాని, అవి యాజమాన్యానికి రుజువు కావు.

మీ మామతో ఎలా చెప్పాలన్నదే మిగిలింది. ‘మామా, నీ మీద నమ్మకం ఉంది కాబట్టే నీ దగ్గర కొంటున్నాను. కాని రేపు నేను పోయాక నా పిల్లలకూ నీ పిల్లలకూ మాట రాకూడదు. ఖర్చు నాది, నువ్వు పక్కన నిలబడి చూపించు చాలు’ అనండి. దొడ్డికి కాగితం దొరకకపోతే ధరను 5 సెంట్లకు కాకుండా దస్తావేజు ఉన్న 2.75 సెంట్లకు కట్టమనండి. దొడ్డి గ్రామకంఠంలోనే ఉందని సర్వేయరు తేల్చితే, చుట్టుపక్కలవారు ఒప్పుకుంటూ సంతకం పెడితే, ఆ భాగానికి కొంత తగ్గించి ఇవ్వవచ్చు. దస్తావేజులో దాన్ని విడిగా, దాని హద్దులతో రాయించండి.

కొలిచే రోజు మీ అమ్మగారిని వెంట తీసుకెళ్లండి. ఎండ ఎక్కకముందే వెళ్లి, అరుగు మీద ఆమెను కూర్చోబెట్టి, 1974 దస్తావేజులోని నాలుగు హద్దుల పేర్లు ఒక్కొక్కటీ చదవండి. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి కదా, ఆ పేర్లు ఎవరివో, వాళ్ల పిల్లలు ఇప్పుడు ఏ ఇంట్లో ఉన్నారో సర్వేయరుకు ఆమె చెబుతారు. నోటీసులు ఎవరికి ఇవ్వాలో మీకు అక్కడే తెలుస్తుంది.